క్యాటర్‌పిల్లర్ పెద్దదా? కొమాట్సు పెద్దదా?

పోయినేడు మన హాస్టల్ వార్షికోత్సవానికి వచ్చినప్పుడు, భోజనాల దగ్గర తొమ్మిదో తరగతి తమ్ముడొకడు నా పక్కన కూర్చున్నాడు. నేను చేసే పని గురించి ఎవరో చెప్పినట్టున్నారు. "అన్నా, జేసీబీ పెద్దదా, ఇటాచి పెద్దదా?" అని అడిగాడు. ఎదురు వరుసలో కూర్చున్నవాడు ఊరుకోలేదు. "ఏ, రెండిట్ల కన్న ప్రొక్లెయిన్ పెద్దదిరా" అన్నాడు. పెరుగన్నం వచ్చేదాకా ఆ పంచాయితీ తెగలేదు. ఈ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు నాకు ఆ పంచాయితీయే గుర్తొచ్చింది. కథలు, కవితలు రాసేవాళ్లు మన హాస్టల్‌లో చాలామంది ఉన్నారు. నాకు తెలిసింది బండ్ల సంగతి. అదే రాస్తున్నాను.

ముందు ఆ మూడు పేర్ల సంగతి తేల్చుదాం. జేసీబీ అనేది యంత్రం పేరు కాదు, ఒక మనిషి పేరులోని పొడి అక్షరాలు. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఆయన 1945లో ఇంగ్లండ్‌లోని ఉటాక్సిటర్ అనే ఊళ్లో చిన్న గ్యారేజీలో యుద్ధం మిగిల్చిన ఇనుముతో ట్రాలీ తయారుచేసి అమ్మాడు. ఆ కంపెనీ 1979లో ఢిల్లీ పక్కన బల్లభ్‌గఢ్‌లో ఎస్కార్ట్స్‌తో కలిసి ఫ్యాక్టరీ పెట్టింది. ముందు బకెట్, వెనక తవ్వే చెయ్యి, కింద నాలుగు టైర్లు ఉండే బండిని బ్యాక్‌హో లోడర్ అంటారు. మన దగ్గర ఏ కంపెనీ బ్యాక్‌హో వచ్చినా జేసీబీ వచ్చిందనే అంటాం. ఇటాచి అంటే హిటాచీ, జపాన్ కంపెనీ. టాటావాళ్లు 1984 నుంచి వాళ్ల సాంకేతిక సాయంతో ఎక్స్‌కవేటర్లు తయారుచేశారు. నారింజ రంగులో, చైన్ మీద నడిచే ఆ బండి పేరు మన ఊళ్లలో ఇటాచిగా స్థిరపడింది. ఇక ప్రొక్లెయిన్. అది పొక్లెయిన్ అనే ఫ్రెంచి కంపెనీ. మన దేశంలో ఎల్ అండ్ టీ ఒకప్పుడు ఆ కంపెనీ డిజైన్‌తో ఎక్స్‌కవేటర్లు చేసింది. బండ్లు పోయి పేరు మిగిలింది. సౌదీలో పనిచేసి వచ్చినవాళ్లను అడగండి, అక్కడి అరబ్బులు కూడా ఎక్స్‌కవేటర్‌ను పొక్లెయిన్ అనే పిలుస్తారు. లోడర్‌ను షావల్ అంటారు. మన కోరుట్ల, జగిత్యాల వైపు ఇంటికొకరు "షావల్ ఆపరేటర్" ఉంటారు గదా, ఆ మాట అక్కడి నుంచి వచ్చిందే.

కాబట్టి తమ్ముళ్ల పంచాయితీలో ఇద్దరూ గెలవలేదు. ప్రపంచంలో ఈ పనికి సంబంధించి అసలు పోటీ వేరే రెండు కంపెనీల నడుమ 60 ఏళ్లుగా నడుస్తున్నది. ఒకటి అమెరికా క్యాటర్‌పిల్లర్. పనిలో ఉన్నవాళ్లందరూ క్యాట్ అంటారు. రెండోది జపాన్ కొమాట్సు. నేను రెండిటి మీదా అన్నం తిన్నవాణ్ని.

నేను 2001లో మన హాస్టల్ నుంచి పది పాసై, ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేసి, 2005లో దుబాయి పోయాను. పోయింది హెల్పర్ వీసా మీద. గ్రీజు కొట్టుడు, ఫిల్టర్లు మార్చుడు, ఆపరేటరుకు చాయ్ తెచ్చుడు. మా క్యాంపులో ఆపరేటర్ జీతం హెల్పర్ జీతానికి రెండింతల పైనే ఉండేది. అందుకని మధ్యాహ్నం గంట ఖాళీ దొరికితే పెద్దమనుషులను బతిమాలి సీట్లో కూర్చునేవాణ్ని. రెండేళ్లకు చెయ్యి కుదిరిందనుకొని వేరే కంపెనీ ట్రేడ్ టెస్టుకు పోయాను. ఫెయిలయ్యాను. ఎందుకు ఫెయిలయ్యానో చెబితే మీకు ఉపయోగపడుతుంది. నేను నేర్చుకున్నది బ్యాక్‌హో మీద. దాని లీవర్ల వరస వేరు. టెస్టు పెట్టింది చైన్ ఎక్స్‌కవేటర్ మీద. దాని ఎడమచేతి లీవరు పక్కలకు కదిపితే బండి పైభాగం తిరుగుతుంది, ముందుకు వెనక్కి కదిపితే ఆర్మ్ చాస్తుంది, ముడుస్తుంది. కుడిచేతి లీవరు వెనక్కి లాగితే బూమ్ లేస్తుంది, లోపలికి అంటే బకెట్ మూసుకుంటుంది. క్యాట్ అయినా కొమాట్సు అయినా మామూలుగా ఇదే వరస. నాకు అలవాటైన చేయి బూమ్ ఎత్తబోయి మరోటి చేసింది. బకెట్ పోయి నిలబెట్టిన డ్రమ్ముకు తగిలింది. టెస్టు పెట్టినాయన చేతితోనే దిగమని సైగ చేశాడు. ఆ రోజు క్యాంపుకు నడుచుకుంటూ వచ్చాను. ఆరు నెలల తర్వాత మళ్లీ పోయి పాసయ్యాను, అది వేరే సంగతి.

ఇప్పుడు రెండు కంపెనీల పుట్టుక చూద్దాం. కాలిఫోర్నియాలో బెంజమిన్ హోల్ట్ అనే ఆయన ఆవిరి ట్రాక్టర్లు చేసేవాడు. అక్కడి మెత్తటి నేలలో ఇనుప చక్రాలు దిగబడిపోయేవి. మన చెలకల్లో వానాకాలం ట్రాక్టరు దిగబడ్డట్టే. 1904లో ఆయన చక్రాలు తీసేసి చెక్కపలకల చైన్ బిగించి నడిపించాడు. బరువు చైన్ పొడవునా పరుచుకుంటుంది గనక నేల దాన్ని మోసింది. అది పాకే తీరు చూసి గొంగళిపురుగు లాగుందని అన్నారు. ఇంగ్లీషులో గొంగళిపురుగును క్యాటర్‌పిల్లర్ అంటారు. హోల్ట్‌కూ, బెస్ట్ అనే ఇంకో కంపెనీకీ చాలా ఏళ్లు పోటీ, కోర్టు కేసులు నడిచాయి. చివరకు 1925లో ఆ రెండూ కలిసి క్యాటర్‌పిల్లర్ ట్రాక్టర్ కంపెనీ అయ్యాయి. మొదట బండ్లు బూడిద రంగువి. పసుపు రంగు 1931లో వచ్చింది.

కొమాట్సు అనేది జపాన్‌లో ఒక ఊరు. చిన్న పైన్ చెట్టు అని దానికి అర్థం. అక్కడి రాగి గని యజమాని తన గనికి కావలసిన పనిముట్లు, యంత్రాలు చేసుకోవడానికి పెట్టిన కార్ఖానా నుంచి 1921లో ఈ కంపెనీ పుట్టింది. 1930ల్లో ట్రాక్టర్లు, 1943లో జపాన్ నౌకాదళానికి బుల్డోజర్, యుద్ధం తర్వాత 1947లో డీ50 డోజర్. అంటే క్యాట్ ఆకలి వ్యవసాయం నుంచి పుట్టింది, కొమాట్సు ఆకలి గని నుంచి పుట్టింది.

1960 ప్రాంతం దాకా ఇద్దరికీ పోలికే లేదు. క్యాట్ ఏనుగు, కొమాట్సు దాని కాలి కింది గడ్డి. అప్పటి కొమాట్సు డోజర్లు తొందరగా చెడిపోయేవి. అట్లాంటి సమయంలో క్యాట్ మిత్సుబిషితో కలిసి జపాన్‌లోనే తయారీ మొదలుపెట్టబోతున్నదని తెలిసింది. 1963లో ఆ కంపెనీ పెట్టారు కూడా. ఇంకొకరైతే దుకాణం మూసేవాళ్లు. కొమాట్సు యాజమాన్యం 1961లోనే ఒక నిర్ణయం తీసుకుంది. ఖర్చు ఎంతైనా సరే, ముందు బండి చెడిపోకుండా చేయండి, ధర సంగతి తర్వాత చూద్దాం అని ఇంజనీర్లకు చెప్పింది. అమెరికాలోని కమిన్స్ కంపెనీతో ఒప్పందం చేసుకొని మంచి ఇంజన్లు తెచ్చుకుంది. విరిగిన ప్రతి భాగం ఎందుకు విరిగిందో వెతికింది. నాణ్యతకు ఇచ్చే డెమింగ్ బహుమతిని 1964లో గెలిచింది. క్యాట్‌ను చుట్టుముట్టాలి అనే నినాదం వాళ్ల ఆఫీసుల్లో ఉండేదని ఈ పనిలో ఉన్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అసలు దెబ్బ 1980ల మొదట్లో తగిలింది. సోవియట్ యూనియన్ నుంచి ఐరోపాకు గ్యాస్ పైపులైను వేస్తున్నారు. భారీ పైపులను ఎత్తి కందకంలో దించే పైప్‌లేయర్లలో క్యాట్ మొనగాడు. 1981 చివర్లో అమెరికా ప్రభుత్వం ఆంక్షలు పెట్టి ఆ అమ్మకాలను ఆపేసింది. ఆర్డర్లు కొమాట్సుకు పోయాయి. అదే సమయంలో డాలర్ బలంగా, యెన్ బలహీనంగా ఉండి జపాన్ బండి చౌకైపోయింది. 1982 అక్టోబరులో క్యాట్ కార్మికులు సమ్మెకు దిగారు. అది 205 రోజులు నడిచింది. 1982 నుంచి 1984 దాకా మూడేళ్లలో క్యాట్ దాదాపు 100 కోట్ల డాలర్లు నష్టపోయింది. అంటే సగటున రోజుకు దాదాపు తొమ్మిది లక్షల డాలర్లు. ఇది చదివినప్పుడల్లా నాకు అనిపిస్తుంది, ఎంత పెద్ద ఫ్యాక్టరీ అయినా దాని ధాన్యం గాదె తాళం చెవి ఎక్కడో దూరాన, డబ్బు మారకం బల్ల మీద ఉంటుందని. ఎందుకంటే 1985 సెప్టెంబరులో ఐదు దేశాలు న్యూయార్క్‌లో ఒప్పందం చేసుకొని డాలర్ విలువ దించాయి. 240 యెన్‌ల దగ్గరున్న డాలర్ ఏడాది గడవకముందే 160 కిందికి పడింది. ఈసారి కొమాట్సు బండి ఖరీదైపోయింది. క్యాట్ ఊపిరి పీల్చుకొని ఫ్యాక్టరీలను కొత్తగా మార్చుకుంది. కొమాట్సు అమెరికాలోనే తయారీకి దిగాల్సి వచ్చింది, 1988లో డ్రెస్సర్ కంపెనీతో కలిసింది.

ఇక బండ్ల సంగతికి వద్దాం, నాకు ఇష్టమైన భాగం ఇదే.

దూరం నుంచి చూసి ఏ కంపెనీ పెద్ద డోజరో చెప్పవచ్చు, పేరు చదవనక్కర్లేదు. చైన్ త్రికోణం ఆకారంలో, వెనకవైపు పైకి లేచి ఉంటే అది క్యాట్. కోడిగుడ్డులా అడ్డంగా సాగి ఉంటే కొమాట్సు. చైన్‌ను తిప్పే పళ్ల చక్రాన్ని స్ప్రాకెట్ అంటారు. 1977లో క్యాట్ డీ10 డోజర్‌లో దాన్ని నేల మీద నుంచి తీసి పైకి ఎత్తింది. డీ8 నుంచి డీ11 దాకా ఇప్పుడు అట్లనే ఉంటాయి. రాళ్ల మీద బండి ఎగిరిపడినప్పుడు ఆ దెబ్బ కింది రోలర్లకు తగులుతుంది గాని ఫైనల్ డ్రైవ్‌కు తగలదు. బురద, రాళ్లపొడి తక్కువ చేరతాయి. విప్పి బిగించడం కూడా సులువు, నేను చేసి చూశాను. కానీ చైన్ ఎక్కువ చోట్ల వంగాలి, వంగిన చోటల్లా పిన్నూ బుష్షూ అరుగుతాయి. కొమాట్సు వాదన అక్కడే ఉంది. స్ప్రాకెట్ కిందే ఉండనీ, చైన్ తక్కువ వంగుతుంది, నిర్మాణం సాదాగా ఉంటుంది, బరువు నేలకు దగ్గరగా ఉంటుంది అంటారు వాళ్లు. చైన్ బండి నిర్వహణ ఖర్చులో సగం దాకా ఈ కింది భాగానికే పోతుంది. కాబట్టి ఇది ఉత్త ఆకారం గొడవ కాదు. గట్టి బండరాయి మీద నేను త్రికోణానికే ఓటు వేస్తాను. మట్టి పనికి కోడిగుడ్డు చాలు.

ఎక్స్‌కవేటర్‌లో తేడా కంటికి కనిపించదు, చేతికి తెలుస్తుంది. ఈ బండిలో ఇంజన్ పంపులను తిప్పుతుంది, పంపులు నూనెను ఒత్తిడితో సిలిండర్లకు పంపుతాయి, పని అంతా నూనెదే. మన హాస్టల్ స్నానాల గదుల్లో నాలుగు నల్లాలు ఒకేసారి తిప్పితే కింద ఉన్న నల్లాకు నీళ్లు ఎక్కువ పోయి, పైన ఉన్నదానికి సన్నగా వచ్చేవి, గుర్తుందా? బండిలోనూ బూమ్, ఆర్మ్, బకెట్ ఒకేసారి కదిపితే నూనె తేలిక పని వైపు పారిపోతుంది. నేను నడిపిన కాలపు క్యాట్ 320లలో ఆ తూకాన్ని కొంత ఆపరేటరు చేయి సరిచేసుకోవాలి. కొమాట్సు పీసీ200లో బరువును పసిగట్టి లీవరు ఎంత కదిపితే అంత నూనె పంచే ఏర్పాటు ఉండేది. కొత్తగా నేర్చుకునేవాడికి పీసీ200 తొందరగా మాట వింటుంది. 320 మీద చేయి కుదిరినవాడు దేని మీదైనా నడుపుతాడు. 2017 తర్వాతి కొత్త తరం 320లలో క్యాట్ ఆ పద్ధతినే మార్చి, ఎలక్ట్రానిక్ లీవర్లు తెచ్చింది.

నంబర్లు కూడా గుర్తుపెట్టుకోండి, ఇంటర్వ్యూలో అడుగుతారు. పీసీ200 అన్నా, క్యాట్ 320 అన్నా, టాటా హిటాచీ ఈఎక్స్ 200 అన్నా 20 టన్నుల తరగతి బండే. క్యాట్‌లో మొదటి 3 అంటే ఎక్స్‌కవేటర్, తర్వాతి 20 టన్నుల లెక్క. కొమాట్సులో అడ్డగీత తర్వాత వచ్చే అంకె తరాన్ని చెబుతుంది.

గనుల్లో నడిచే పెద్ద డంపర్ల దగ్గరైతే రెండు కంపెనీలవీ రెండు మతాలు. క్యాట్ 797 అనే డంపర్ 1998లో వచ్చింది. దాని ఇప్పటి రకం ఒక్క ట్రిప్పులో 363 టన్నులు మోస్తుంది. ఇంజన్ బలం గేర్‌బాక్స్ ద్వారా చక్రాలకు పోతుంది, మన లారీ లాగే. కొమాట్సు 930ఈలో గేర్‌బాక్సే లేదు. డీజిల్ ఇంజన్ కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు వెనక చక్రాల్లోని మోటార్లను తిప్పుతుంది, మన డీజిల్ రైలింజన్ లాగ. చాలా ఏళ్లు గేరే మేలని వాదించిన క్యాట్ తర్వాత తానూ కరెంటు డంపర్లు అమ్మడం మొదలుపెట్టింది.

మన దేశంలో ఈ పోటీ వేరే వేషం వేసుకొని వచ్చింది. 1964లో కేంద్ర ప్రభుత్వం బెంగళూరు కేంద్రంగా భారత్ ఎర్త్ మూవర్స్, అంటే బీఈఎంఎల్ పెట్టింది. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లోని దాని ఫ్యాక్టరీ కొమాట్సు సాంకేతికతతో డోజర్లు తయారుచేసింది. సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో పనిచేసిన మన అన్నలకు బీడీ155, బీడీ355 అనే పేర్లు కొట్టినపిండి. ఆ అంకెలు కొమాట్సు డీ155, డీ355ల నుంచి వచ్చినవే. క్యాట్ వైపు నుంచి అంబాసిడర్ కారు చేసిన హిందుస్థాన్ మోటార్స్ మద్రాసు దగ్గర తిరువళ్లూరులో లైసెన్సు మీద బండ్లు చేసింది. తర్వాత ఆ ఫ్యాక్టరీని క్యాటే కొనుక్కుంది. కొమాట్సు 1998లో ఎల్ అండ్ టీతో కలిసి ఎక్స్‌కవేటర్లు చేసింది. 2013లో ఎల్ అండ్ టీ ఆ భాగస్వామ్యంలోని తన వాటాను కొమాట్సుకు అమ్మింది. చూశారా, ఒకప్పుడు పొక్లెయిన్ చేసిన చేతులే తర్వాత కొమాట్సు చేశాయి.

2009లో నేను తిరిగి వచ్చి రామగుండం వైపు ఓబీ పనిలో చేరాను. బొగ్గు మీదున్న మట్టినీ రాతినీ తీసే పనిని ఓబీ అంటారు. అప్పటినుంచి మన పాత విద్యార్థులు ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ఫైనాన్స్‌ల ఒక బండి తీద్దామనుకుంటున్న, ఏది తియ్యాలె?" నా జూనియర్ ఒకడు ఇట్లాగే తీసుకున్నాడు. కంపెనీ పేరు ఎందుకులెండి. రాజన్న గుడి ముందు నిమ్మకాయలు కట్టి పూజ చేయించి, కొబ్బరికాయ కొట్టి పనికి పంపాడు. ఎండాకాలం చెరువు మట్టి పని జోరు మీదున్నప్పుడు పంపు పోయింది. సామాను రావడానికి 11 రోజులు పట్టింది. ఆ 11 రోజులు అవర్ మీటర్ తిరగలేదు, కిస్తీ తేదీ మాత్రం ఆగలేదు. భార్య పుస్తెలతాడు కుదువ పెట్టాడు. నేను ఆ మాట విన్నాక ఎవరికీ ఫలానా కంపెనీ బండి తియ్యమని చెప్పడం మానేశాను. నీ ఊరికి 50 కిలోమీటర్లలో మెకానిక్ ఎవరు, పంపు, హోస్‌పైపు ఎక్కడ దొరుకుతాయి, అవి రెండు తెలుసుకొని తీసుకోమంటాను. క్యాట్ బలమంతా అక్కడే ఉంది. ప్రపంచంలో ఎక్కడైనా 48 గంటల్లో సామాను అందిస్తామనే మాట మీద వాళ్లు డీలర్లను నిలబెట్టారు. గల్ఫ్‌లో అల్ బహర్, మన వైపు జీఎంఎంసీఓ. కొమాట్సు దానికి జవాబుగా బండిలోనే చిన్న పరికరం పెట్టింది. కామ్‌ట్రాక్స్ అంటారు. 2001 నుంచి జపాన్‌లో దాన్ని మామూలుగా బిగించి ఇస్తున్నారు. బండి ఎక్కడుంది, ఎన్ని గంటలు నడిచింది, ఎంత వేడెక్కింది అన్నది ఆఫీసులో కూర్చొని చూస్తారు.

"పెద్దది ఏది" అని అడిగిన తమ్ముడికి లెక్క చెప్పాలి గదా. 2023లో క్యాట్ అమ్మకాలు 6,700 కోట్ల డాలర్లు. 2024 మార్చితో ముగిసిన ఏడాదిలో కొమాట్సువి దాదాపు 3.9 లక్షల కోట్ల యెన్‌లు, అంటే దాదాపు 2,700 కోట్ల డాలర్లు. క్యాట్ లెక్కలో రైలింజన్లు, జనరేటర్లు కూడా ఉన్నాయి. అయినా క్యాటే మొదటిది, కొమాట్సు రెండోది. కానీ వరసగా తయారుచేసి అమ్మిన డోజర్లలో అన్నిటికన్నా పెద్దది కొమాట్సు చేసిన డీ575ఏ. సుమారు 150 టన్నుల బరువు. క్యాట్ డీ11 అంతా కలిపి 100 టన్నులు దాటుతుంది, అంతే.

ఇంకో విషయంలో కూడా కొమాట్సే ముందు నడిచింది. 2008లో చిలీ దేశపు రాగి గనిలో డ్రైవర్ లేని డంపర్లను పనికి దించింది. క్యాట్ ఐదేళ్లకు ఆస్ట్రేలియా ఇనుప గనిలో దించింది. సీట్లో మనిషి ఉండడు. ఉపగ్రహాల సాయంతో దారి చూసుకొని, నింపుకొని, పోసి వస్తాయి. ఈ సంగతి చెప్పినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడు చేతిలో ముద్ద ఆపేశాడు. వాళ్ల నాయన మస్కట్‌లో షావల్ నడుపుతాడట.

నా మనసులో ఉన్న ఒక మాట ఇక్కడ రాస్తాను. మాది మిడ్ మానేరు కింద మునిగిన ఊరు. 2016 సెప్టెంబరు వరదకు పూర్తికాని కట్ట తెగినప్పుడు, మళ్లీ కడుతున్నప్పుడు నేను సెలవు మీద వచ్చి చూశాను. డోజర్లు మట్టి పరుస్తుంటే, రోలర్లు తొక్కుతుంటే, నా కళ్లు అలవాటుగా చైన్ ఆకారం చూశాయి, బ్లేడు వంపు చూశాయి, ఆపరేటరు చేయి ఎంత నిదానంగా ఉందో చూశాయి. పని బాగుంది అనుకున్నాను. అనుకున్నాక గుర్తొచ్చింది, ఆ మట్టి ఎవరి ఊరిని ముంచడానికి లేస్తున్నదో. 2019లో నీళ్లు నిండాయి. మా అమ్మ పునరావాస కాలనీలో ఉంటుంది. కట్ట మీదుగా బస్సు పోయినప్పుడు ఆమె అటు చూడదు.

ఆ తమ్ముడు చివరకు అడిగింది ఇది. "నడిపేటోడే అక్కర లేకుంటే నువ్వేం జేస్తవన్నా?" డ్రైవర్ లేని డంపరుకు కూడా హోస్‌పైపు పగులుతుంది, సెన్సర్ మీద దుమ్ము పేరుతుంది, చైన్ బండికి రోలర్ అరుగుతుంది అని చెప్పాను. నేను ఇప్పుడు లాప్‌టాప్ పెట్టి ఫాల్ట్ కోడ్‌లు చదవడం నేర్చుకుంటున్నాను. నాకు నేర్పేవాడు నాకన్నా 16 ఏళ్లు చిన్నవాడు, సిరిసిల్ల హాస్టల్ పిల్లగాడు. ఇంగ్లీషు మాటలు వాడు చదువుతాడు, బండి శబ్దం నేను వింటాను.

దసరా సెలవుల్లో గోదావరిఖని వైపు వచ్చే తమ్ముళ్లు వార్డెన్ సారు దగ్గర నా నంబరు తీసుకొని ముందురోజు కబురు చేయండి. గనిలోకి తీసుకుపోవడం నా చేతిలో లేదు. రోడ్డు మీది వర్క్‌షాపు దగ్గర మరమ్మతుకు వచ్చినవి ఎప్పుడూ రెండు మూడు నిలబడి ఉంటాయి. త్రికోణం ఏదో, కోడిగుడ్డు ఏదో మీరే చెప్పాలి.